అరకు అన్నారంటే అరకుదేనా?

మార్గశిర లక్ష్మివారం. తెల్లవారి ఐదు కాలేదు. జగదాంబ సెంటర్లో మీరెక్కిన ఆటో టౌన్ కొత్తరోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. "ఇక్కడ్నుంచి నడిసెల్లిపోండి బాబూ. ఇయాల అమ్మోరి రోజు, బండి లోపలికెల్లదు" అంటాడు డ్రైవరు. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర్లోనే. తడి జుట్టు ముడేసుకుని, చేతుల్లో పసుపు పొట్లాలతో ఆడవాళ్లు అటు పోతున్నారు. ఆ అమ్మవారి మీద కప్పు లేదు. ఎవరి పసుపు వాళ్లే తెచ్చి తమ చేత్తో పెట్టుకోవచ్చు. మీరు ఆ జనానికి ఎదురు నడిచి పూర్ణా మార్కెట్లోకి అడుగు పెడతారు.

కాళ్ల కింద కొబ్బరి పీచు, నలిగిన క్యాబేజీ ఆకులు. తడి గోనె, కొత్తిమీర, చేమంతి, ఎక్కడి నుంచో ఎండుచేప వాసన. వెనక నుంచి "తప్పుకోండి, తప్పుకోండి" అని కేక వినబడేసరికి మీరు గోడకు అతుక్కుపోతారు. నెత్తిన బస్తాతో కళాసీ దూసుకుపోతాడు. అతని మెడ మీద చెమట, మిరప పొట్టు కలిసిపోయి ఉన్నాయి.

పసుపు కొట్ల దగ్గర ఈ రోజు నిలబడడానికి చోటు లేదు. "పాడేరు పసుపమ్మా, ఏజెన్సీ సరుకు! సూడండి, ఇరిసి సూడండి!" కొట్టాయన కొమ్ము విరిచి చూపిస్తాడు. లోపల ముదురు నారింజ రంగు. ఇది కిందటేడు పంట. కొత్త పసుపు కొండ దిగాలంటే సంక్రాంతి దాటాలి. పక్క కొట్లో గుంటూరు సన్నం మిరప. ఆ పక్కన అనకాపల్లి బెల్లం దిమ్మలు రెండు రకాలు: ఒకటి పచ్చగా మెరిసేది, ఇంకొకటి ముదురు గోధుమ రంగుది. మెరుపు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారని తెలిసినవాళ్లు ముదురుదాన్నే అడుగుతారు. ఈ బజారులో సరుకుకు ఊరిపేరే ఇంటిపేరు. ఊరిపేరు చెప్పకుండా అమ్మితే కొనేవాడు ఒక రూపాయి తగ్గించి అడుగుతాడు. పేరుకు ధర ఉంది. ధర ఉందంటే దొంగతనమూ ఉంటుంది. నేను మిమ్మల్ని ఇంత పొద్దున్నే ఇక్కడికి తీసుకొచ్చింది అది చూపించడానికే.

కాఫీపొడి మర ఆడుతున్న కొట్టు దగ్గర ఆగండి. వేపిన గింజ మరలో పడుతున్న చప్పుడు, దాంతో పాటే గుప్పున లేచే వాసన. గల్లాపెట్టె మీద మూడు డబ్బాలు. ఒకదానిలో వేపని పచ్చి గింజ ఉంది. నాలుగు గింజలు అరచేతిలో వేసుకోండి. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, ఒకవైపు గుండ్రం, ఒకవైపు చదును, చదును మీద మధ్యలో వంపు తిరిగిన గాడి. గాడిలో వెండి పొర ఇంకా అంటుకుని ఉంది, గోటితో గీరితే లేస్తుంది.

"ఇది ఎక్కడిదండీ?"

"అరకే బాబూ. మా దగ్గిర అరకు తప్ప ఇంకోటుండదు."

"చికోరీ కలుస్తుందా?"

"మీరెంత కలపమంటే అంత. దాపరికం ఏటుంది?"

ఆయన గ్లాసులో చన్నీళ్లు పోసి, కలిపిన పొడి చిటికెడు పైన చల్లుతాడు. వంగి చూడండి. కాఫీపొడి నీటి మీద తేలుతూ ఉండిపోతుంది. చికోరీ రేణువులు మాత్రం ఒక్కొక్కటీ కిందికి జారుతూ, వెనక సన్నని గోధుమరంగు చార వదులుతాయి. నిమిషం తిరక్కుండానే గ్లాసు అడుగు రంగెక్కింది. చికోరీ కలిపి అమ్మడం తప్పు కాదు. కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, ఎంత కలిపారో ప్యాకెట్ మీద వేయాలని నిబంధన ఉంది. చికోరీ గుట్టు గ్లాసెడు నీళ్లు చెప్పేశాయి. ఆ గింజ అరకుదో, చిక్కమగళూరుదో మాత్రం ఏ నీళ్లూ చెప్పవు. వాసన చూసి పట్టేయగలిగే ముక్కు నూటికి ఒకరికి కూడా ఉండదు. అక్కడ మనకు మిగిలింది కొట్టాయన మాటే.

ఈ రోజుల్లో కొండ మీద ఏం జరుగుతోందో మనసుతో చూడండి. విశాఖ నుంచి నూటపది కిలోమీటర్లకు పైగా దారి, అందులో ఘాట్ రోడ్డు, అనంతగిరి దాటితే మంచు. సముద్ర మట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి ఉంటాయి. మార్గశిరం పండు కోసే కాలం. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జా కుటుంబాల ఆడవాళ్లు నడుముకు బుట్ట కట్టుకుని, ఎర్రబడిన పండే చూసి కోస్తారు. పచ్చిది కొమ్మ మీదే వదిలేసి వారం తరవాత మళ్లీ వస్తారు. కోసిన రోజే తొక్క తీయాలి, జిగురు పోయేదాకా పులియబెట్టి కడగాలి, తేమ పన్నెండు శాతం లోపుకు దిగేదాకా ఎండబెట్టాలి. ఇంతా చేస్తే ఆరు కిలోల పండుకు కిలో గింజ. ఒక్కో కుటుంబానికి ఉండేది చాలాచోట్ల ఎకరమో రెండెకరాలో.

ఈ మొక్క ఇక్కడికి వచ్చిన దారి కూడా తెలుసుకోదగ్గది. 1898లో బ్రిటిష్ వాళ్లు తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదట నాటారు. అక్కడి నుంచి మెల్లగా అరకు, పాడేరు, చింతపల్లి వైపు పాకింది. 1960ల్లో అటవీశాఖ తోటలు, ఆ తరవాత గిరిజనుల సొంత తోటలు. పోడు కొట్టిన బోడి కొండలు మళ్లీ చెట్లతో నిండాయి. నా మటుకు నాకు, ఈ కాఫీలో రుచి కన్నా గొప్ప సంగతి అదే.

పంట వచ్చాక దారి వారపు సంతకే. సంతలో షావుకారు తూకం, షావుకారు ధర. ఆ దోపిడీని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం ఈ విశాఖలోనే ఉంది. తరవాత నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులతో సహకార సంఘం కట్టించి, ఎర్ర పండుకే మంచి ధర అని అలవాటు చేసింది. 2017లో అరకు పేరుతోనే పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. మరుసటి ఏడాది ఆ కాఫీకి అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, ఖరారైంది. ఉమ్మడి విశాఖ జిల్లా కొండలు, వాటికి ఆనుకున్న ఒడిశా ప్రాంతం ఆ పేరు కిందికి వచ్చాయి.

పారిస్ మాట వచ్చింది కాబట్టి ఒక్క క్షణం ఫ్రాన్స్ దక్షిణపు ఒడ్డుకు రండి. మార్సెయ్ పెద్ద రేవు. దాని పక్కనే కాసీ అనే చిన్న చేపల ఊరు. ముందు సముద్రం, వెనక కాప్ కనాయ్ అనే ఎర్రటి నిట్టనిలువు కొండ, ఆ కొండ కింద మెట్లు కట్టిన వాలుల్లో ద్రాక్ష. యారాడ కొండ నీడలో రేవు చూసి పెరిగిన విశాఖ వాళ్లకు ఆ దృశ్యం పరాయిగా తోచదు. కాసీ ద్రాక్షతోటలన్నీ కలిపినా 200 హెక్టార్లు, అంటే ఐదువందల ఎకరాలు, కాస్త అటూ ఇటూ. ఎక్కువగా తెల్ల వైన్, చేపల కూరతో తాగేది. ఇంత చిన్న చోటు పేరును 1936లోనే ఫ్రాన్స్ చట్టం కాపాడింది. ఏ చెలక లోపల, ఏది బయట అన్నది పటంలో గీత గీసి ఉంది. ఏ రకం ద్రాక్ష వేయాలో, హెక్టారుకు ఎంతకు మించి దిగుబడి తీయకూడదో రాసి ఉంది. గీతకు అవతలి తోటలో అదే ద్రాక్ష పండినా ఆ సీసా మీద కాసీ అని రాసుకోవడం కుదరదు. పేరు ఏ వ్యాపారి సొత్తూ కాదు, ఊరి సొత్తు.

ఆ చట్టం ఎవరి దయతోనూ రాలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను తినేసింది. సరుకు కరువైతే కల్తీ పుట్టింది. ఎండుద్రాక్ష నానబెట్టి, పంచదార కలిపి, దూరపు వైన్ తెచ్చి మంచి ఊరి పేరు అంటించి అమ్మారు. 1907లో లాంగడాక్ రైతులు లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. 1911లో షాంపేన్‌లో గొడవలు. 1905లో ఒక చట్టం, 1919లో ఇంకొకటి, చివరికి 1935లో ఇప్పుడున్న పద్ధతి. కాసీ, షాతోనెఫ్-దు-పాప్ లాంటి పేర్లు ఆ మరుసటి ఏడాది మొదటి విడతలో గుర్తింపు పొందాయి. ముప్పయ్యేళ్లు పట్టింది, రక్తం కూడా కారింది.

తిరిగి రండి. ఏడు దాటింది. పూర్ణా మార్కెట్ రేకుల మధ్య నుంచి ఎండ పడుతోంది. మర ఆగింది. కొట్టాయన పొడి పొట్లం కట్టి దారం చుడుతున్నాడు. మీ పక్కన నిలబడ్డ పెద్దావిడ అడుగుతుంది: "ఇది నిజంగా అరకుదేనా నాయనా? మొన్న ఓ సోట కొన్నాను, సప్పగా ఉంది." ఆయన నొచ్చుకోడు. "అమ్మా, నాకిచ్చినోడు అరకన్నాడు. నేనూ అరకన్నాను." ఆ మాటలో మోసం లేదు. గింజ ఏ తోటలో పుట్టిందో ఆయనకు చెప్పే కాగితం ఏదీ ఆయన చేతికి రాలేదు, అంతే. సంత నుంచి ఈ గల్లాపెట్టె దాకా సరుకు ఎన్ని చేతులు మారితే అన్ని చోట్ల పేరు పలచబడుతుంది.

మనకు చట్టం లేక కాదు. భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. తప్పుడు పేరుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కానీ జీఐ వచ్చినంత మాత్రాన కొండ మీది రైతుకు ఆ పేరు వాడుకునే హక్కు చేతికి రాదు. అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. దరఖాస్తు, రుజువులు, చెన్నైలోని రిజిస్ట్రీ. ఎకరం తోట ఉన్న గిరిజన రైతు ఒంటరిగా చేసుకోగల పని కాదు. సహకార సంఘమో, గిరిజన సహకార సంస్థో పూనుకుని ఊరూరా నమోదు చేయించాలి.

ఇంకొక అన్యాయం అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది, దాన్ని గురించి మనవాళ్లు మాట్లాడడం తక్కువ. 1995 నుంచి అమలులో ఉన్న ట్రిప్స్ ఒప్పందం భౌగోళిక పేర్లను రెండు తరగతులు చేసింది. వైన్‌కు, స్పిరిట్‌కు పై తరగతి: "ఫలానా రకం", "ఫలానా తరహా" అని రాసినా సరే, అసలు ఎక్కడిదో పక్కనే చెప్పినా సరే, ఆ ఊరి పేరు వాడడం నిషిద్ధం. కాఫీకి, తేయాకుకు, మిరపకు, బియ్యానికి కింది తరగతి: కొనేవాడు మోసపోతాడనో, పోటీ అక్రమమనో రుజువు చేస్తేనే రక్షణ. అంటే ఐదువందల ఎకరాల కాసీ పేరుకు ఉన్న కాపలా, లక్ష ఎకరాలకు మించి సాగయ్యే అరకు కాఫీకి లేదు. 2001 దోహా సమావేశం నాటి నుంచీ భారతదేశం ఈ తేడా తీసేయమని అడుగుతూనే ఉంది. ఒప్పందం తేలేదాకా ఊరుకోనక్కర్లేదు కూడా. మన చట్టం 22వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే వైన్‌కు ఉన్న అదనపు రక్షణ దేశం లోపల ఏ సరుకుకైనా ఇవ్వవచ్చు.

పొట్లం తీసుకోండి, డబ్బులిచ్చేయండి. ఇచ్చేముందు ఏ సంఘం సరుకో, ఏ మండలం నుంచి వచ్చిందో అడగండి. ఈసారి ఆయనకు తెలియకపోతే, తనకు సరుకిచ్చినవాణ్ని వచ్చేసారి ఆయన అడుగుతాడు.

రెండో పని మన చేతిలో లేదు, ఢిల్లీలో ఉంది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాల్ పెట్టారు, పార్టీలకు అతీతంగా సభ్యులు తాగి మెచ్చుకున్నారు. అరకు, అనకాపల్లి, విశాఖపట్నం ఎంపీలు ముగ్గురూ కలిసి 22వ సెక్షన్ కింద అరకు కాఫీకి ఆ ప్రకటన ఇవ్వమని వాణిజ్య మంత్రిత్వశాఖను అడగాలి. వాళ్లను ఆ మాట అడగవలసింది మనం.