ఆకలి లేని చేపకు ఎర: సాల్మన్ గాలపు చరిత్ర

గోదావరికి ఎర్రనీరు వచ్చు దినములలో సముద్రమునుండి ఏటికెదురీది వచ్చు పులస తెలుగువారికి చిరపరిచితమైన చేప. సముద్రములో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై నదిలోనికి వచ్చు చేపలలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది సాల్మన్. ఈ రెండును వేర్వేరు కుటుంబములకు చెందినవి. పులస నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకొని తినును గనుక దానిని వలలతోనే పట్టుదురు. సాల్మన్‌ను వలలతోను పట్టుదురు, గాలముతోను పట్టుదురు. అయితే ఈ గాలపు చరిత్రలో ఒక వింత కలదు. నదిలో ప్రవేశించిన సాల్మన్ ఆహారము ముట్టదు. తినని చేపకు ఏ ఎర వేయవలెను?

అట్లాంటిక్ సాల్మన్‌కు 1758 లో లినేయస్ ‘సాల్మో సాలార్’ అని శాస్త్రీయనామము పెట్టెను. ఇది ఉత్తర ఐరోపాలోను, ఉత్తర అమెరికా తూర్పుతీరమునను గల చల్లని నదులలో గులకరాళ్ల మధ్య పుట్టును. పిల్లచేప కొన్ని సంవత్సరములు నదిలోనే కీటకములను తినుచు పెరిగి, పిమ్మట సముద్రమునకు పోవును. అక్కడ ఒకటి మొదలు మూడు సంవత్సరములు గడిపి, బాగుగా బలిసి, సాధారణముగా తాను పుట్టిన నదికే మరలి వచ్చును. నదిలో ప్రవేశించిన దినము మొదలు గ్రుడ్లు పెట్టువరకు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, దానికి ఉపవాసమే. ఈ సంగతి తెలియకయే జాలరులు శతాబ్దములపాటు దానికి ఎరలు వేయుచు వచ్చిరి.

సూదినుండి కొక్కెము

గాలముతో చేపలు పట్టుటను గూర్చి ఆంగ్లమున అచ్చయిన తొలి రచన 1496 లో వెస్ట్‌మినిస్టర్‌లో వింకిన్ డి వర్డ్ ముద్రించిన సంపుటములో వెలువడెను. దానిని జూలియానా బెర్నర్స్ అను సన్యాసిని వ్రాసెనని చెప్పుదురు గాని, అందుకు గట్టి ఆధారము లేదు. ఈ రచన ప్రకారము జాలరి తన కొక్కెమును తానే చేసికొనవలెను. చిన్న కొక్కెములకు బట్టలు కుట్టు సూదులు, పెద్దవానికి చెప్పులు కుట్టువారి సూదులు తగినవి. సూదిని నిప్పులలో ఎర్రగా కాల్చి చల్లారనిచ్చినచో మెత్తబడును. అప్పుడు మొనకు వెనుకగా కత్తితో చిన్న ఎదురుముల్లు లేపి, మరల కాల్చి వంచి, చివరకు నీటిలో ముంచవలెను. నెమ్మదిగా చల్లారిన ఉక్కు మెత్తబడుననియు, ఒక్కసారిగా చల్లార్చినది గట్టిపడుననియు లోహశాస్త్రము చెప్పు నియమమే ఇందులో ఇమిడియున్నది. సూదుల పరిశ్రమకు పేరొందిన రెడిచ్ పట్టణమే తరువాతికాలమున ఇంగ్లండులో కొక్కెముల పరిశ్రమకును కేంద్రమగుట ఆశ్చర్యము కాదు.

దారమునకు గుర్రపు తోక వెండ్రుకలు వాడిరి. మిక్కిలి చిన్న చేపకు ఒక్క వెండ్రుక చాలును. సాల్మన్‌కు 15 వెండ్రుకలు పేనవలెను. ఎరలుగా వానపాములు, పెంటకుప్పలలో పెరుగు పురుగులు చెప్పబడినవి. కొక్కెమునకు ఈకలు, ఉన్ని చుట్టి కీటకమువలె కనిపింపజేయు ఎరను ఆంగ్లేయులు ‘ఈగ’ అందురు. దానిని సాల్మన్ పట్టుకొనుట అరుదనియు, నీటిపైకి ఎగురు సమయమున మాత్రమే అది సాధ్యమనియు ఆ రచన తెలుపుచున్నది.

ఆ దినములలో దారము కర్ర కొనకే కట్టబడియుండెడిది. బలమైన చేప పరుగెత్తినచో విడుచుటకు అదనపు దారము లేదు. దారము చుట్టుకొను చక్రము, అనగా రీలు, చైనాలో చాల పూర్వమే కలదు. 1195 ప్రాంతమున మా యువాన్ గీచిన చిత్రములో అది కనిపించును. ఆంగ్ల గ్రంథములలో దాని ప్రస్తావన 1651 లో థామస్ బార్కర్ పుస్తకమున వచ్చెను. 1653 లో ఐజాక్ వాల్టన్ ప్రకటించిన సుప్రసిద్ధ గ్రంథములోను సాల్మన్ జాలరులు వాడు చక్రము పేర్కొనబడినది. సముద్రమునకు పోవు పిల్లచేపల తోకలకు నాడాలు కట్టి విడువగా, వానిలో కొన్ని ఆ చోటికే తిరిగి వచ్చెనని కూడ వాల్టన్ వ్రాసెను. జీవులకు గుర్తులు కట్టి వాని రాకపోకలను తెలిసికొను పద్ధతికి ఇది తొలి ఉదాహరణములలో ఒకటి.

18వ శతాబ్దిలో గుర్రపు వెండ్రుకకు బదులు పట్టుపురుగు ప్రేగు వాడుకలోనికి వచ్చెను. పేరు ప్రేగే గాని, నిజమునకు అది పట్టుగ్రంథి. గూడు కట్టబోవు పురుగును పుల్లని ద్రావకములో (వినెగరులో) నానవేసి, గ్రంథిని బయటికి తీసి సాగదీసినచో సన్నని, గట్టి పోగు వచ్చును. స్పెయిన్‌లోని మూర్షియా ప్రాంతము ఈ పరిశ్రమకు ప్రసిద్ధి.

ఈకల కాలము

19వ శతాబ్దిలో బ్రిటనులో సాల్మన్ ‘ఈగ’ ఒక అలంకారవస్తువుగా మారెను. దేశదేశముల పక్షుల ఈకలు దానికి చేరెను. చైనా బంగారు ఫెజెంట్ శిఖ, దక్షిణ అమెరికా టూకాన్ రొమ్ము ఈక, మన దేశపు నెమలి ఈక అందులో ఉండెడివి. దక్షిణ భారతపు అడవులలోని బూడిదరంగు అడవికోడి మెడ ఈకలకు ప్రత్యేకమైన గిరాకి. ఆ ఈకల కొనలయందు లక్క పూసినట్లు మెరయు చుక్కలు కలవు. 1895 లో జార్జి కెల్సన్ ఇట్టి ఈగలను వర్ణించుచు పెద్ద గ్రంథమునే ప్రకటించెను. ఏ నదికి, ఏ ఋతువునకు, ఏ వెలుతురుకు ఏ ఈగ తగునో నిర్ణయించు సూత్రములు పుట్టెను. ఈ వ్యాపారమునకు పక్షులే మూల్యము చెల్లించెను. టోపీల అలంకరణకును, ఇతర అవసరములకును జరుగుచున్న ఈకల ఎగుమతిని 1902 లో భారత ప్రభుత్వము నిషేధించెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవికోడికి రక్షణ కల్పించుచున్నది.

బాసెల్ పరిశోధనలు

ఇంత శ్రమపడి కట్టిన ఈగను చేప నిజముగా ఆహారమని తలచుచున్నదా? దీనికి సమాధానము ప్రయోగశాలనుండి వచ్చెను. కణకేంద్రమునుండి ‘న్యూక్లీన్’ అను పదార్థమును 1869 లో వేరుచేసిన స్విస్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ మీషర్ బాసెల్ నగరమున పనిచేయుచుండెను. అది రైన్ నది ఒడ్డునున్న నగరము. అక్కడ పట్టుబడు సాల్మన్‌లను కోసి పరీక్షింపగా వాని జీర్ణాశయములలో ఆహారము కనబడలేదు. కండరములు క్షీణించుచుండగా అండాశయములు మాత్రము పెరుగుచుండెను. సముద్రములో కూడబెట్టిన మాంసము, కొవ్వు కరగి గ్రుడ్లుగా మారుచున్నవని మీషర్ గ్రహించెను. 1898 లో నోయల్ పేటన్ సంపాదకత్వమున వెలువడిన స్కాట్లండు నివేదిక నదీముఖములలోను, ఎగువనను పట్టిన చేపలను పోల్చి ఈ అభిప్రాయమును బలపరచెను.

అట్లయిన సాల్మన్ ఎరను ఏల పట్టును? చిన్ననాడు నదిలో కీటకములను పట్టిన అలవాటు మరల మేల్కొనుననియు, తన చోటికి వచ్చిన పరాయి ప్రాణిపై కోపముతో కరచుననియు, చేతులు లేని చేప వింతవస్తువును నోటితోనే పరీక్షించుననియు పలువురు ఊహించిరి. ఏ ఒక్కటియు అన్ని సందర్భములకు సరిపోదు. ఈ ప్రశ్న నేటికిని పూర్తిగా తీరలేదు.

చలినీరు, వెచ్చని నీరు

మీషర్ ఫలితమునుండి ఒక సంగతి తేలును. ఎర రుచికరముగా నుండుట ముఖ్యము కాదు. చేప కదలుటకు ప్రేరణ కలిగించుట ముఖ్యము. స్కాట్లండులోని డీ నదిపై ఆర్థర్ వుడ్ ఈ మార్గమున గొప్ప మార్పు తెచ్చెను. 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో అతడు పట్టుదారమునకు కొవ్వు పూసి నీటిపై తేలునట్లు చేసి, కొద్దిపాటి ఈకలు గల చిన్న ఈగను నీటి పైపొరలోనే విడిచెను. ప్రవాహము నడుమ వేగము హెచ్చు గనుక దారము విల్లువలె వంగి ఈగను ఈడ్చును. కర్రతో ఆ వంపును ఎగువకు మళ్లించి ఈడ్పును తగ్గించుట అతని పద్ధతి. చేప శీతరక్త జంతువు గనుక నీటి ఉష్ణోగ్రతను బట్టి దాని చురుకుదనము మారును. వెచ్చని నీటిలో చిన్న ఈగ పైపొరలో, చలినీటిలో పెద్ద ఎర లోతున నెమ్మదిగా అను నియమము జాలరులలో స్థిరపడెను. నాటినుండి జాలరి సంచిలో ఉష్ణమాపకము కూడ ఒక పనిముట్టు ఆయెను.

ఎరలలో ఈగ ఒక్కటే శ్రేష్ఠమని చెప్పుటకు వీలులేదు. 1922 అక్టోబరు 7 న టే నదిపై తండ్రితో దోనెలోనున్న జార్జినా బాలంటైన్ పట్టిన సాల్మన్ 64 పౌనులు (సుమారు 29 కిలోగ్రాములు) తూగెను. గాలముతో పట్టిన సాల్మన్‌లలో బ్రిటనునందు దానిని మించినది నేటికిని లేదు. దానికి వేసిన ఎర గిరగిర తిరుగునట్లు అమర్చిన చిన్న చేప. తేలికైన ఎరలను దూరము విసరుటకు తోడ్పడినది బ్రాడ్‌ఫర్డ్ నేతపరిశ్రమకు చెందిన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905 లో పేటెంటు పొందిన రీలు. పాత రీలులో చక్రము తిరిగిననే దారము విడుచును. చక్రపు జడత్వమును తేలికైన ఎర జయింపలేదు. కొత్త రీలులో కండె నిలిచియుండగా, నేతమిల్లులోవలె కండె కొననుండియే దారము జారును.

నైలాన్

1935 లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందము నైలాన్‌ను తయారుచేసెను. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట అది పట్టుపురుగు ప్రేగును తొలగించెను. కాని జాలరికి మేలు చేసిన ఆ పోగే వలలకును ఉపయోగపడెను. సాల్మన్‌లు మేయు గ్రీన్‌లాండ్ పశ్చిమతీరమున 1960 తరువాత వలల వేట విపరీతముగా పెరిగి, 1971 నాటికి సుమారు 2,700 టన్నులకు చేరెను. గాలముతో ఒక్కొక్క చేపను గూర్చి వాదించుకొనుచుండగా, సముద్రములో చేపల రాసులే మాయమగుచుండెను. 1983 లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ ఒప్పందము ఉత్తర అట్లాంటిక్ నడిసముద్రమున సాల్మన్ వేటను చాలవరకు అరికట్టెను.

విడిచిపెట్టు గాలము

వేటతోపాటు ఆనకట్టలు, మలినజలములు, వెచ్చబడుచున్న నీరు కూడ సాల్మన్‌కు హాని చేసినవి. మీషర్ పరిశోధించిన రైన్ నదిలోనే 20వ శతాబ్ది నడుమకు అది అంతరించెను. 1986 నవంబరు 1 న బాసెల్ సమీపమున రసాయనముల గిడ్డంగి తగులబడి నది విషమయమైన పిదప, తీరదేశములు మేల్కొని సాల్మన్‌ను మరల తెచ్చు ప్రణాళికను చేపట్టినవి. ఆనకట్టలకు చేపల మెట్లు కట్టబడెను. కొన్ని చేపలు తిరిగి వచ్చుచున్నవి. అయినను 2023 లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము అట్లాంటిక్ సాల్మన్‌ను ప్రమాదపు అంచునకు చేరిన జాతులలో చేర్చెను.

ఇందువలన గాలమును ఎన్నుకొను దృష్టియే మారినది. స్కాట్లండులో గాలమునకు తగిలిన సాల్మన్‌లలో నూటికి తొంబదికి పైగా మరల నీటిలోనికే విడువబడుచున్నవి. ఎదురుముల్లు లేని ఒంటి కొక్కెము, చేపను అలయింపక త్వరగా ఒడ్డుకు తెచ్చు బలమైన దారము, లోతుగా మ్రింగబడు వానపాముకు బదులు పెదవికి తగులు ఈగ నేడు మంచి సాధనములనిపించుకొనుచున్నవి. ఉపవాసముననున్న చేపకు పోయిన బలము మరల రాదు. దాని శరీరములో మిగిలియున్న శక్తియంతయు రాబోవు తరమునకే గదా! ఐదువందల ఏండ్ల క్రిందట జాలరి కత్తితో శ్రద్ధగా లేపిన ఎదురుముల్లును నేటి జాలరి పట్టకారుతో నొక్కివేయుచున్నాడు.