శ్యావదంతుల పాపం

పదవీవిరమణ చేసిన తెలుగు పంతులు కనబడితే మా సికింద్రాబాదు వీధిలో వ్యాకరణం తప్ప అన్నీ అడుగుతారు. ఈ మధ్య ఎక్కువగా వింటున్నది పళ్ళ సంగతి. పిల్లవాడికి కొత్తగా వచ్చిన ముందుపళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయి, ఏ పొడితో తోమిస్తే పోతాయి అని. వైద్యం నా విద్య కాదు. కాని ఈ మచ్చలకు మన తెలుగుదేశంలో పెద్ద చరిత్ర ఉన్నది. అది నేను ఓపికగా చదువుకొన్న చరిత్ర.

ముందుగా మాట సంగతి చూద్దాం. మనం పసుపు పళ్ళన్నింటినీ "గార పళ్ళు" అనేస్తాం. గార అంటే పంటిపై చేరిన పాచి గట్టిపడి అంటుకొన్నది. దంతవైద్యుడు దానిని గీకి తీసివేయగలడు. సుశ్రుతుడు దీనినే దంతశర్కర అన్నాడు. పన్ను నల్లబడే శ్యావదంతకాన్ని ఆయన దానితో కలపలేదు, వేరే వ్యాధిగా లెక్కించి, రక్తంతో కూడిన పిత్తం దానికి కారణమన్నాడు. ఆ కారణం నేటి శాస్త్రానికి నిలవకపోవచ్చు. అయినా వైద్యుడు రోగిని తప్పు పట్టలేదు గదా! తప్పు పట్టినవారు స్మృతికారులు. మనుస్మృతి పదకొండవ అధ్యాయం ప్రకారం నల్లపళ్ళు పూర్వజన్మలో చేసిన సురాపానానికి గుర్తు. మూడవ అధ్యాయం శ్రాద్ధభోజనానికి పిలువరాని వారి జాబితాలో శ్యావదంతకుడిని కూడా చేర్చింది. బావి నీళ్ళు తాగి పెరిగినవాడు ఎన్నడూ ముట్టని కల్లుకు లెక్క చెప్పుకోవలసి వచ్చిందన్నమాట.

ఇవి పాతకాలపు మాటలని తీసిపారేయడానికి లేదు. నేను పనిచేసిన ఒక బడిలో దేవరకొండ, మునుగోడు ప్రాంతాల నుండి కూలిపనికి వచ్చినవారి పిల్లలు చదివేవారు. శుభ్రత తనిఖీనాడు ఒక ఉపాధ్యాయుడు వాళ్ళను వరుసలోంచి ఇవతలికి లాగి, వేపపుల్లలిచ్చి కుళాయి దగ్గర నిలబెట్టేవాడు. పదేళ్ళ పిల్ల చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోమింది. రంగు మాత్రం మారలేదు. స్మృతి పూర్వజన్మను నిందిస్తే మా బడి ఈ జన్మను నిందించింది. వేపపుల్ల దోషమేమీ లేదు. చేదు వృక్షాలలో వేపే శ్రేష్ఠమని సుశ్రుతుడే చెప్పాడు. అయితే ఆ మచ్చ పంటి పైన లేదు, లోపల ఉన్నది.

ఆ లోపల ఎలా చేరిందో తేలడానికి అమెరికాలో ముప్పై ఏళ్ళు పట్టింది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అక్కడే పుట్టి పెరిగినవారి పళ్ళు గోధుమరంగులో ఉండటం గమనించాడు. పెద్దయ్యాక ఆ ఊరు వచ్చినవారికి మచ్చలు లేవు. అతడు నీళ్ళను అనుమానించాడు, కాని ఆనాటి పరీక్షలకు నీళ్ళలో ఏమీ చిక్కలేదు. చివరకు 1931లో ఒక అల్యూమినియం కంపెనీలో రసాయనికుడైన చర్చిల్ ఆ నీళ్ళలో ఫ్లోరైడు ఉందని కనిపెట్టాడు. పన్ను చిగురు కింద ఏర్పడుతున్న కాలంలో ఫ్లోరైడు ఎక్కువైతే పింగాణి పొర సరిగా గట్టిపడదు. జ్ఞానదంతాలు మినహా మిగిలిన శాశ్వతదంతాలకు ఈ పొర ఇంచుమించు ఎనిమిదేళ్ళ లోపే తయారవుతుంది. మచ్చ అప్పుడే పడుతుంది. పన్ను మొలిచాక బయటపడుతుంది. ఇక తోమడంతో దానికేమి పని?

మన వైపు ఈ సంగతి 1937లో వెలుగులోకి వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ప్రజలను మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్ట్, ఆయన సహచరులు పరిశీలించారు. పిల్లలకు పళ్ళమీద మచ్చలు, నడివయసువారికి బిగుసుకుపోయిన మెడ, వంగని వెన్ను. రెండింటికీ మూలం బావి నీళ్ళలోని ఫ్లోరైడే. పన్ను మొదటి హెచ్చరిక అన్నమాట. నిజాం రాజ్యంలోని రోగుల గురించి డావర్ 1945లో రాశాడు. నల్లగొండ జిల్లాపై సిద్దీఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో మా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక విషాదాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు: ఫ్లోరైడు ప్రాంతాల్లో మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకొని పాదాలు ఎడమైపోయే యువకులు.

ఇక్కడొక వింత. 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం పళ్ళు పుచ్చకుండా తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడు కలపడం మొదలుపెట్టింది. మన ఊళ్ళలో దానినే తీయలేక చచ్చాం. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సహించవచ్చునని మన ప్రమాణం. తీసే ఉపాయం నాగపూరులోని నీరీ సంస్థ చెప్పింది: నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగు పొడి వేసి కలిపి, తేర్చి, పైనీటిని వాడుకోవాలి. 1975లో అచ్చయిన ఈ పద్ధతి పేరే నల్లగొండ పద్ధతి. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల వరకు వెళ్ళింది. జిల్లాకు శాస్త్రగ్రంథాలలో కీర్తి వచ్చింది, ఇంటింటికీ మంచినీళ్ళు మాత్రం రాలేదు. ఏ నీటికి ఎంత పటిక అన్నది ఆ నీటిని బట్టి మారుతుంది. రోజూ కొలవాలి, కలపాలి, అడుగున మిగిలిన మడ్డిని పారబోయాలి. కూలికి పోయే ఇల్లాలికి ఇది సాధ్యమయ్యే పనేనా?

అందుకే 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుపై నల్లగొండ రైతులు నామినేషన్లతో పోరాడారు. బరిలో 480 మంది నిలిచారు! బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభకు ధరావతు 500 నుండి 10,000 రూపాయలకు పెరిగింది. దాహానికి ప్రభుత్వం చెప్పిన మొదటి జవాబు అదే అయిందని నాకనిపిస్తుంది.

2004లో కృష్ణాజలాలు నల్లగొండ జిల్లా మీదుగా గొట్టాలలో మా జంటనగరాలకు వచ్చాయి. మిషన్ భగీరథ ప్రారంభమైనది 2016లో. మధ్యలో పన్నెండేళ్ళు, అంటే ఒక తరం పిల్లలకు పింగాణి పొర ఏర్పడి మొలిచేంత కాలం.

ఇక అడిగినవారికి నేను చెప్పేవి కొద్ది మాటలు. నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్ళు తాగే ఇంట్లో పసిపిల్లలుంటే ముందుగా వాటిని పరీక్ష చేయించాలి. చాలా పేస్టులలో ఫ్లోరైడు ఉంటుంది, పుచ్చును ఆపేది అదే. కనుక భయపడి మానేయనక్కరలేదు. మూడేళ్ళ లోపు వారికి బియ్యపుగింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీగింజంత చాలు, మింగకుండా ఉమ్మించాలి. పడిన మచ్చను బొగ్గుతో, ఇటుకపొడితో రుద్దితే పింగాణి అరుగుతుంది, మచ్చ ఉంటుంది. తేలికపాటి మచ్చలను పైపొర పలుచగా అరగదీసి తగ్గిస్తారు, ముదిరినవాటికి పంటిరంగు తొడుగు వేస్తారు. అదంతా దంతవైద్యుని పని, ఖర్చుతో కూడినది. ఆ ఖర్చు భరించలేని ఆడపిల్లలు ఇప్పటికీ పెళ్ళిచూపులలో పెదవులు బిగించుకొనే కూర్చుంటున్నారు.