మూసిన తలుపుల వెనుక బార్డోలీ

1928 ఫిబ్రవరి 12వ తేదీన సూరత్ జిల్లాలోని బార్డోలీ తాలూకా రైతులు పెంచిన భూమిశిస్తు చెల్లింపమని ప్రతిజ్ఞ చేసిరి. పెంపు నూటికి 22 వంతులు. నాయకుడు వల్లభభాయి పటేలు. ఇంతవరకు అందరును ఎరిగిన కథయే. ఆ పోరాటములో నెలల తరబడి చెరను అనుభవించిన ఒక జాతిని మాత్రము చరిత్రకారులు ఒకటి రెండు వాక్యములతో దాటిపోవుచుందురు. అవి రైతుల గేదెలు.

జప్తు చేసిన పొలమునకు కొనువాడు దొరకుట కష్టము. గేదెనైతే తోలుకొనిపోయి వేలము వేయవచ్చును. అందుకై సర్కారు పఠానులను దింపెను. ఊరి పొలిమేరలలో కావలి యుండినవారు జప్తువారిని చూచి సంజ్ఞ చేయగనే తలుపులన్నియు మూతపడుచుండెను. మనుష్యులును పశువులును ఆ చీకటిలోనే.

మనుష్యుడు ప్రతిజ్ఞ చేసి చీకటికి ఓర్చుకొనెను. పశువునకు ప్రతిజ్ఞ యెక్కడిది? దానికి తెలిసినది దేహధర్మమొక్కటే. జంతువు నిజముగా నివసించునది బయటి గాలిలో కాదు, తన కణములను తడుపుచుండు లోపలి ద్రవములోననియు, ఆ ద్రవము నిలకడగా ఉన్నంతవరకే దానికి స్వేచ్ఛ కలదనియు 19వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు చెప్పెను. ఆ నిలకడకు 'హోమియోస్టాసిస్' అని అమెరికాలో వాల్టరు కానన్ పేరుపెట్టినది 1926లో, అనగా బార్డోలీ ప్రతిజ్ఞకు రెండేండ్ల ముందు.

ఆ నిలకడను కాపాడు పనిలో పెద్ద భాగము మూత్రపిండములది. అవి మురికిని పారబోయు తూములు మాత్రమే కావు. రక్తములోని నీటిని, లవణములను, యూరియాను వడగట్టి, కావలసినది తిరిగి పుచ్చుకొని, అక్కరలేనిదే విడిచిపెట్టును. మానవదేహములో దినమునకు సుమారు 180 లీటర్లు వడకట్టబడగా, బయటికి పోవునది ఒకటిన్నర లీటరు మాత్రమే. నెమరువేయు జంతువులలో ఈ పొదుపు మరియొక మెట్టు పైకి పోయినది. పచ్చిక లేక ఎండుమేతతో కాలము గడుపునపుడు మూత్రపిండములు యూరియాను ఎక్కువగా నిలిపియుంచును. అది లాలాజలము ద్వారాను, పెద్దపొట్ట గోడల ద్వారాను మరల పొట్టలోనికి చేరును. అచటి సూక్ష్మజీవులు దానితో మాంసకృత్తులను తయారుచేయును. విసర్జింపవలసినది ఆహారమగుచున్నది! కరవునాట రైతుకన్న పశువే మంచి గృహస్థు.

కాని ఈ ఏర్పాటంతయు ఒక్క షరతు మీద నిలిచియున్నది. విడిచినదానిని అందుకొనుటకు బయలు ఉండవలెను. పొలములో మూత్రమును నేల పీల్చుకొనును, పేడ ఎరువగును. మూసిన గదిలో ఆ రెండును కలిసినపుడు యూరియా అమ్మోనియాగా మారి, విడిచిన జంతువు కన్నులనే మండించి, ఊపిరిలోనికే తిరిగివచ్చును. గేదెకు మరియొక ఇబ్బంది కలదు. దాని చర్మములో స్వేదగ్రంథులు ఆవునకున్నన్ని లేవు. నల్లని మేనిలో పేరుకొను వేడిని అది చెరువులోనో బురదగుంటలోనో పొర్లి పోగొట్టుకొనును. ఆ యేటి వేసవి పొడుగునను బార్డోలీలో తలుపు తీసి గేదెను చెరువునకు తోలుట యనగా జప్తువారికి అప్పగించుటయే.

ఆ యిండ్లను కన్నులార చూచిన కె. ఎం. మున్షీ బొంబాయి గవర్నరు సర్ లెస్లీ విల్సనుకు లేఖ వ్రాసెను. ఇరుకైన, అనారోగ్యకరమైన యిండ్లలో ప్రజలు మూడు నెలలకు పైగా పశువులతో కూడ తలుపులు మూసికొని యున్నారని అందు తెలిపెను. నల్లని గేదెల వన్నె పాలిపోయినదని ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. వానిని దాచినది నిర్దయవలన కాదు. బయట పఠాను, లోపల రోగము; ఆ రెంటిలో ఇంటివారు తామును పశువుతోపాటు రెండవదానినే ఎన్నుకొనిరి.

ఆగస్టులో రాజీ కుదిరెను. ఖైదీలు విడుదలైరి, జప్తయిన భూములు తిరిగి రైతులకు చేరెను. బ్రూంఫీల్డు, మాక్స్‌వెల్ విచారణ జరిపి, న్యాయమైన పెంపు నూటికి 6.03 వంతులేయని 1929లో తేల్చిరి. తలుపులు తెరచుకొనునాటికి వానకాలము నడుచుచుండెను. సూరత్ ప్రాంతమున గుంటలలో నీరు నిలుచు దినములవి.