కాగితం మీద రెండో పేరు

పరీక్షా ఫలితాలొచ్చిన వారం తిరువూరు సెంటర్లో తలెత్తితే ఫ్లెక్సీలే. పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు, పక్కనే పెద్ద అంకెల్లో ర్యాంకులు. పాఠం చెప్పిన మనిషి మాత్రం అందులో ఎక్కడా కనపడరు. ర్యాంకు ఒంటరిది, ఒకరికొస్తే ఇంకొకరికి రాదు. పరిశోధనలో గెలుపు అలా రాదు. అక్కడ గెలుపంటే ఒక పత్రం, దాని మీద సాధారణంగా రెండు పేర్లు: నేర్పినవాళ్లది, నేర్చుకున్నవాళ్లది. ఆ రెండో పేరు చరిత్ర మనం చెప్పుకునేది చాలా తక్కువ.

దానికి ఉదాహరణ మన దగ్గర్లోనే ఉంది. తిరువూరు నుంచి విస్సన్నపేట, నూజివీడు మీదుగా వెళ్తే ఆగిరిపల్లి వస్తుంది. ఇప్పుడు జిల్లాలు వేరయ్యాయి గానీ నిన్నమొన్నటిదాకా రెండూ కృష్ణా జిల్లావే. సూరి భగవంతం 1909లో అక్కడ పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా బౌబజారు వీధిలో ఉన్న సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరారు.

ఆ ఏడాదే అక్కడ రామన్ ఎఫెక్ట్ బయటపడింది. 1928 మార్చి 31న ‘నేచర్’లో వచ్చిన పత్రం మీద రామన్, కె.ఎస్. కృష్ణన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1930లో నోబెల్ వచ్చింది రామన్ ఒక్కరికే. కృష్ణన్ వాటా ఎంత అన్న చర్చ ఇవాళ్టికీ తెగలేదు. బహుమతి ఒక పేరును వదిలేసింది కానీ పత్రం వదల్లేదు. ఆ ప్రశ్నను మనం ఇప్పటికీ అడగగలుగుతున్నామంటే ఆ కాగితం మీద రెండో పేరు ఉండబట్టే.

నోబెల్ వచ్చిన మరుసటి ఏడు, 1931లో, రామన్ మరో పత్రం అచ్చువేశారు. కాంతి కణానికి తనదైన స్పిన్ ఉందని ప్రయోగంతో నిరూపించామని అందులో చెప్పారు. పక్కనున్న పేరు భగవంతానిది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా లేవు. పేరు మోసిన గురువు పక్కన కుర్రాడి పేరు కనపడటమంటే, ఇకముందు ఎక్కడికెళ్లినా అతను ఎవరో చెప్పుకోనక్కర్లేదన్నమాట.

అలాగని రామన్‌ని ఆదర్శ గురువని తేల్చేయలేం. 1933లో బెంగళూరులో చేరడానికి వచ్చిన కమలా సొహొనీని, ఆడపిల్ల అన్న కారణంతో మొదట ఆయనే కాదన్నారు. ఆమె పట్టుబడితే షరతులు పెట్టి చేర్చుకున్నారు. ఒక్కో గురువు ఒకరికి తలుపు తీస్తాడు, ఇంకొకరిని గుమ్మంలోనే నిలబెడతాడు. రెండూ చెప్పుకోవాలి.

భగవంతం 1932లో వాల్తేరు చేరారు. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం అక్కడికి తరలి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కలకత్తాలో నేర్చుకున్నది ఆయన ఇక్కడ నాటారు. 1939లో టి. వెంకటరాయుడుతో కలిసి స్ఫటికాల మీద ఒక పత్రం రాశారు. విషయం కష్టమైందే కానీ ముగ్గుతో చెప్పుకోవచ్చు. నాలుగు వైపులా ఒకేలా ఉన్న ముగ్గును పావు వంతు తిప్పినా అదే ముగ్గు. స్ఫటికంలో అణువుల అమరిక కూడా అలాంటిదే. ఎన్ని రకాలుగా తిప్పినా మారదో తెలిస్తే, దాని రామన్ వర్ణపటంలో ఎన్ని గీతలు కనిపించవచ్చో ముందే లెక్కకట్టొచ్చు. ఖరీదైన యంత్రం లేకుండా కాగితం, పెన్సిలుతో చేసే పని. ఆ పద్ధతికి ఇవాళ్టికీ భగవంతం–వెంకటరాయుడు పద్ధతి అనే పేరు.

ఆ ఇద్దరూ కలిసి గ్రూప్ సిద్ధాంతం మీద రాసిన పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. మరుసటి ఏడు డి. సూర్యనారాయణతో కలిసి రాసిన పత్రం ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా’ పత్రికలో వచ్చింది. తర్వాత భగవంతం ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. జీవిత చరిత్రల్లో ముందు కనపడేవి ఈ పదవులే. నాకు మాత్రం ఆ కాగితాలే ముఖ్యమనిపిస్తాయి. ఒకప్పుడు తన పేరు ఎక్కడ చూసుకున్నారో, అక్కడే ఇంకొకరి పేరు చేర్చారు.

ఇప్పుడు మన ఊళ్ల నుంచి ఎందరో పిల్లలు ల్యాబుల్లోకి వెళ్తున్నారు. నెలల తరబడి రాత్రింబవళ్లు ప్రయోగాలు చేసి, చివరికి పత్రం మీద తమ పేరుంటుందో లేదో తెలియక గైడు గది బయట నిలబడేవాళ్లూ వాళ్లలో ఉంటారు. వాళ్లకు ఎవరూ ఫ్లెక్సీ కట్టరు, కట్టకపోయినా ఫర్వాలేదు. చేసిన పని పక్కన పేరు ఉంటే చాలు. తొంభై ఏళ్ల కిందట ఆగిరిపల్లి కుర్రాడికి దొరికింది అదే.