రొమానే-కోంటి 1945
ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతంలో, వోన్-రొమానే అనే చిన్న ఊరి పక్కనున్న తోటలో 1945లో కోసిన పీనో న్వార్ ద్రాక్షతో తయారైన ఎర్ర వైన్ ఇది. తోట విస్తీర్ణం 1.8 హెక్టార్ల చిల్లర, అంటే మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. ఆ ఏడాది దాని నుంచి వచ్చినవి 600 సీసాలే.

తోట తూర్పు వాలులో, కొండ నడిమి భాగాన ఉంది. సున్నపురాయి మీద పలుచగా పరచుకున్న బంకమట్టి నేల అది. మధ్యయుగాల్లో సెయింట్-వివాన్ మఠానికి చెందిన ఈ భూమి చాలా చేతులు మారి, 1760లో కోంటి యువరాజు లూయీ ఫ్రాన్స్వా ద బూర్బాన్‌కు దక్కింది. అప్పటి ఫ్రాన్స్ రాజు ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ కూడా దీని కోసం పోటీపడిందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఫ్రెంచి విప్లవకాలంలో ప్రభుత్వం తోటను స్వాధీనం చేసుకుని అమ్మేసింది. 1869లో దాన్ని జాక్-మరీ దువో-బ్లోషే కొన్నాడు.

1945 సీసా విలువ తెలియాలంటే మాత్రం తీగల వేర్ల దాకా వెళ్లాలి. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా పురుగు 1860ల నుంచి వేర్లను పీల్చి ఫ్రాన్స్ ద్రాక్షతోటలను నాశనం చేసింది. దాన్ని తట్టుకునే అమెరికా మొక్కల వేరుమూలం మీద ఫ్రెంచి తీగను అంటుకట్టడం ఒక్కటే రైతులకు దొరికిన శాశ్వత పరిష్కారం. రొమానే-కోంటి యజమానులు దానికి ఒప్పుకోలేదు. నేలలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కిస్తూ పురుగును అదుపులో పెట్టి, పాత తీగలను వాటి సొంత వేర్ల మీదే నిలబెట్టారు. ముదిరిన తీగ కొమ్మను మట్టిలోకి వంచి నేల అంటు తొక్కితే, అదే వంశం కొత్త మొక్కగా లేచేది. ఎంతో ఖర్చూ శ్రమా పెట్టి దశాబ్దాల పాటు సాగించిన ఈ పట్టుదలను మెచ్చుకోకుండా ఉండలేం.

రెండో ప్రపంచ యుద్ధం దాన్ని దెబ్బతీసింది. మందూ లేదు, పనివాళ్లూ లేరు. తీగలు నీరసించి కాపు పడిపోయింది. 1945 వసంతంలో పడ్డ మంచు ఉన్న కాస్త పంటనూ తగ్గించింది. మిగిలిన గుత్తుల్లో రసం చిక్కబడి, బుర్గుండీలోనే పేరెన్నికగన్న వైన్ తయారైంది. కోతయ్యాక తోటను పెకలించారు. దగ్గర్లోనే ఉన్న లా టాష్ తోట కొమ్మలను అమెరికా వేరుమూలం మీద అంటుకట్టి 1947లో నాటారు. మళ్లీ రొమానే-కోంటి పేరుతో వైన్ వచ్చింది 1952 పంట నుంచే.

2018 అక్టోబరులో న్యూయార్క్ సోథబీస్ వేలంలో 1945 నాటి ఒక సీసా 5,58,000 డాలర్లకు అమ్ముడైంది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆ సీసా బుర్గుండీ వర్తకుడు రాబర్ట్ డ్రూయాన్ సొంత నిల్వ నుంచి వచ్చింది. పాత బుర్గుండీ వైన్ల పేరిట నకిలీ సీసాలు అమ్మిన ఒక వర్తకుడికి 2014లో అమెరికా కోర్టు పదేళ్ల జైలుశిక్ష వేసింది. అందుకే ఇలాంటి సీసా ఎవరి నేలమాళిగలో, ఎన్నాళ్లు ఉందో తెలిపే చరిత్రకు కొనేవాళ్లు అంత విలువ ఇస్తారు.