రూట్ చేతికి అందకుండా

సూరత్, లింబాయత్. రాత్రి పది దాటినా మరమగ్గాల మోత గోడల్లోంచి వస్తూనే ఉంది. సగం దించిన షట్టర్ వెనక, ప్లాస్టిక్ కుర్చీలో అతని పక్కన కూర్చున్నారు మీరు. అతని తండ్రి సిరిసిల్ల నుంచి మగ్గం పనికి వచ్చినవాడు. కొడుకు చీరల వ్యాపారుల, అంటే సేఠ్‌ల, లినక్స్ సర్వర్లు చూస్తాడు.

"చూడన్నా, ఇది టెస్ట్ మిషన్," అంటూ సర్వాధికారాలుండే రూట్‌గా లాగిన్ అయ్యాడు. చెల్లింపులకు డిజిటల్ సంతకం పెట్టే ప్రోగ్రాం నడుస్తోంది. దాని కీ డిస్కు మీద ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంది. కానీ సంతకం పెట్టాలంటే దాన్ని మెమరీలో విప్పుకోక తప్పదు. జీకోర్ అని కొట్టి ప్రాసెస్ నంబరు ఇచ్చాడు. ప్రోగ్రాం మెమరీ నకలు కోర్ ఫైలుగా పడింది. స్ట్రింగ్స్‌తో వెతికాడు. 'బిగిన్ ప్రైవేట్ కీ' అన్న వరుస, దాని కింద బారులు తీరిన అక్షరాలు. తాళంచెవి మొత్తం తెర మీదే ఉంది. ప్రోగ్రాం మాత్రం ఏమీ జరగనట్టు తన పని తాను చేసుకుపోతోంది.

ఇప్పుడు, ఒక ప్రాసెస్‌లోకి మరొకటి తొంగిచూడకుండా ఆపే యామా సెట్టింగును 3కి మార్చాడు. మళ్లీ జీకోర్ కొడితే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్'. రీబూట్ చేస్తే తప్ప ఆ విలువ మారదు. మీరు ఊపిరి పీల్చుకునేలోపే అతను తల అడ్డంగా ఊపాడు. "రీబూట్ చేసేది రూటే కదన్నా. కెర్నల్ మాడ్యూల్ ఎక్కించేదీ రూటే."

మాడ్యూల్ దారి మూయడానికి 2019లో లినక్స్ 5.4తో లాక్‌డౌన్ అనే రక్షణ వచ్చింది. 2021లో 5.14తో వచ్చిన మెమ్‌ఎఫ్‌డీ సీక్రెట్ కీ దాచిన మెమరీ పేజీలను కెర్నల్ సొంత మ్యాపు నుంచే తీసేస్తుంది. రెండూ మంచి గోడలే. అయినా ప్రోగ్రాం ఫైలునే మార్చేసి, మళ్లీ నడిపే అధికారం రూట్‌కు ఉంటే అవేం చేస్తాయి? అద్దె సర్వర్లలో హోస్టు యజమాని కన్ను పడకుండా ఏఎండీ ఎస్‌ఈవీ మెమరీని ప్రాసెసర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కానీ వర్చువల్ మిషన్ లోపలి రూట్‌కు అది అడ్డు కాదు. నా మట్టుకు నాకు ఇక్కడ తేలేది ఒకటే: రూట్ ఏలే మిషన్‌లో ఆ కీ ఉండకూడదు.

అతనూ అదే కోరుతున్నాడు. "నా చేతికి అందొద్దన్నా. రేపు పైసలు పోతే సేఠ్ నా దిక్కే చూస్తడు." సేఠ్‌కు పంపే కొటేషన్‌లో మొదటి వరుస కొట్టాడు: కీ కోసం విడిగా హార్డ్‌వేర్ పెట్టె. కాసేపు ఆలోచించాడు. కీ బయటికి రాకపోయినా, రూట్ అడిగితే ఆ పెట్టె సంతకం పెట్టేస్తుంది. అందుకే రెండో వరుస చేర్చాడు: ప్రతి పెద్ద చెల్లింపుకూ పెట్టె దగ్గర సేఠ్ సొంత పిన్.