ఎవరి ఉప్పు? ఆదోని మసూద్ గాథలో స్వామిభక్తి

2022లో బాజీప్రభు దేశ్‌పాండే పోరాటం మీద మరాఠీలో ఒక సినిమా వచ్చింది. అందులోని ముక్కలు కొన్ని మా ఎమ్మిగనూరు పిల్లల సెల్‌ఫోన్లలోకీ చేరాయి. పదో తరగతిలో సమాసాలు చెబుతున్నాను. స్వామిభక్తి అన్న మాటకు విగ్రహవాక్యం అడిగితే “స్వామియందు భక్తి” అని చెప్పిన కుర్రవాడే లేచి నిలబడి అడిగాడు: “సార్, శివాజీని తరిమిన మసూదూ, ఆదోనిలో మసీదు కట్టిన మసూదూ ఒక్కడేనా?” ఒక్కడేనన్నాను. వెనక బెంచీ నుంచి ఇంకొకడు “అయితే వాడు దుర్మార్గుడే కదా సార్” అన్నాడు. ఆదోని నుంచి వచ్చి మా బడిలో చేరిన పిల్లవాడొకడు తల దించుకొన్నాడు. వాళ్ల తాత శుక్రవారం నమాజుకు ఆ మసీదుకే వెళ్తాడని నాకు తెలుసు. ఇంతలో గంట కొట్టారు. జవాబు చెప్పకుండానే బయటికి వచ్చాను. ఆ జవాబు నా మీద బాకీగా ఉండిపోయింది. దాన్ని తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ముందు చరిత్ర. 1660లో బీజాపూరు సుల్తాను శివాజీ మీదికి పంపిన సేనాని సిద్దీ జౌహర్ మన కర్నూలు నుంచి వెళ్లినవాడే. సిద్దీలు ఆఫ్రికా నుంచి దక్కనుకు వచ్చినవాళ్లు, వాళ్లలో చాలామంది సంతలో అమ్ముడుపోయి వచ్చినవాళ్లు. జౌహర్ కూడా బానిసగా బతుకు మొదలుపెట్టి కర్నూలుకు అధిపతి అయ్యాడు. అతని అల్లుడే సిద్దీ మసూద్. పన్హాలా కోటను నెలల తరబడి ముట్టడిస్తే జూలైలో ఒక వానరాత్రి శివాజీ తప్పించుకొని విశాల్‌గఢ్ దారి పట్టాడు. వెంటపడిన సేనకు మసూద్ నాయకుడు. దారిలో ఇరుకైన కనుమ దగ్గర బాజీప్రభు కొద్దిమందితో అడ్డం నిలిచాడు. రాజు క్షేమంగా కోట చేరాడని ఫిరంగి మోత వినబడేదాకా ప్రాణం విడవలేదని గాథ చెబుతుంది. అరవిందులు ఈ కథను ఇంగ్లీషులో కావ్యంగా రాశారు. ఆ గాథలో మసూద్‌కు ఒకటే పని. తరమడం, చంపడం. కరుణ లేని శత్రువు లేకపోతే వీరుడి భక్తికి వెలుగు రాదు కదా!

అయితే గాథ ఆగినచోట చరిత్ర ఆగదు. 1672లో సికందర్ ఆదిల్‌షా నాలుగైదేళ్ల పసివాడుగా బీజాపూరు గద్దె ఎక్కాడు. పెత్తనం కోసం ఆఫ్ఘను సర్దార్లూ, దక్కనీ, హబ్షీ సర్దార్లూ కొట్టుకొన్నారు. 1678లో ఆ పెత్తనం అప్పటికే ఆదోని ప్రభువుగా ధనవంతుడై ఉన్న మసూద్ చేతికి వచ్చింది. రాజ్యం బొక్కసం ఖాళీ. సైన్యానికి జీతాలు లేవు. మొగలులతో కుదుర్చుకొన్న ఒప్పందం ప్రకారం రాజు తోబుట్టువు షహర్‌బానును 1679లో ఔరంగజేబు కొడుక్కి ఇవ్వడానికి పంపవలసి వచ్చింది. రాజ్యభక్తికి తొలి మూల్యం చెల్లించింది కత్తి పట్టిన మగవాడు కాదు, పల్లకి ఎక్కిన ఆడపిల్ల. అంత చేసినా మొగలు సేనాని దిలేర్ ఖాన్ వెనక్కి తగ్గక బీజాపూరు మీదికే వచ్చాడు.

అప్పుడు మసూద్ ఏం చేశాడు? సాయం చెయ్యమని శివాజీకి కబురు పంపాడు. శివాజీ సాయం పంపాడు కూడా. పంతొమ్మిదేళ్ల కింద తరిమినవాడు అడిగాడు, తప్పించుకొన్నవాడు ఇచ్చాడు. మా తరగతిలో వినబడిన “దుర్మార్గుడు” అన్న మాటకు శివాజీయే 1679లో జవాబు చెప్పేశాడనిపిస్తుంది నాకు. ఆ కాలపు యుద్ధాలను మతాల మధ్య పోరుగా చూపించేవాళ్లు ఈ ఒక్క సంవత్సరాన్ని దాటుకొని పోవలసిందే.

అలాగని మసూద్‌ను స్వామిభక్తికి ప్రతిరూపంగా నిలబెట్టనూ లేం. 1683లో అతను పెత్తనం వదిలి ఆదోనికి వచ్చేశాడు. పసిరాజును మిగతా సర్దార్ల మధ్య విడిచి వచ్చాడు. 1686లో బీజాపూరు పడిపోయింది. సికందర్ ఔరంగజేబు బందీ అయ్యాడు, 1700లో బందీగానే పోయాడు. ఇంత జరిగినా మసూద్ ఆదోని కోట దిగలేదు, మొగలు కొలువులో చేరలేదు. ఔరంగజేబు అతని మీదికి ఘాజీఉద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్‌ను పంపాడు. తరవాత హైదరాబాదు నిజాం అయిన ఆసఫ్‌జా తండ్రి ఇతనే. 1688లో కోట లొంగింది.

ఎలా లొంగింది? ఇక్కడినుంచి మా ప్రాంతపు గాథ మొదలవుతుంది. ఎన్నాళ్లు కాల్చినా కొండమీది కోట కదలలేదట. మసూద్‌కు ప్రాణంతో సమానమైనది ఏదని ఫిరోజ్ జంగ్ ఆరా తీశాడట. కొండకింద ఊళ్లో అతను కట్టించిన జామియా మసీదు అని తెలిసిందట. వెంటనే ఫిరంగులను కోట మీదినుంచి మసీదు మీదికి తిప్పించాడట. అది చూసి మసూద్ కోట తాళాలు పంపించేశాడట. ఆదోనిలో ముసలివాళ్లు చెప్పే ఈ కథ బ్రిటిషువారి కాలపు బళ్లారి జిల్లా గెజిటీరులోకీ ఎక్కింది. 1953 దాకా ఆదోని ఆ జిల్లాలోదే.

గమనించండి. మసీదు మీదికి ఫిరంగి తిప్పింది పరమతస్థుడు కాదు, మసీదులో నమాజు చేసేవాడే. సామ్రాజ్యానికి కావలసింది కోట. ఆ కోట కోసం ఏ మసీదైనా, ఏ గుడైనా గురిచూసే గుర్తు మాత్రమే. ఈ చిన్న కథ కట్టిన అజ్ఞాతజనానికి రాజ్యస్వభావం గురించి మన పుస్తకాల కంటే బాగా తెలుసు.

ఇక సాహిత్య ప్రశ్న. మన వీరగాథల్లో స్వామిభక్తికి కొలబద్ద ప్రాణం. తాను చావాలి, తనవాళ్లను చావనివ్వాలి. బొబ్బిలి కథే తీసుకొందాం. 1757 జనవరిలో కోట పడిపోతున్నదని తెలిసి దొరలు కోటలోని ఆడవాళ్లనూ పిల్లలనూ తామే చంపించారు. తాండ్ర పాపారాయుడు తన ప్రభువు చావుకు పగగా విజయరామరాజును రాత్రివేళ గుడారంలో దూరి పొడిచాడు. బుర్రకథల్లో ఈ ఘట్టానికి జనం ఊగిపోతారు. నేనూ చిన్నప్పుడు ఊగిపోయినవాణ్ణే. కాని చచ్చిపోయిన పిల్లలను ఎవరైనా ఒకమాట అడిగారా? వాళ్లు ఏ స్వామికి భక్తులు? పొట్టలోకి పాలు తప్ప ఏ ఉప్పూ పోని పసిగుడ్డు ఎవరి రుణం తీర్చుకోవాలి?

దాని పక్కన ఆదోని గాథను పెట్టి చూడండి. ఇక్కడ నాయకుడు చావడు. చంపించడు. తాళాలు ఇచ్చేస్తాడు. వీరగాథల లెక్కలో ఇది ఓటమి. అయినా మా జనం దాన్ని ఓటమిగా చెప్పరు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చెప్పేవాడి గొంతు మెత్తబడుతుంది. రాజుమీది భక్తి కంటే పదిమందీ కలిసి కట్టినదాని మీది మమకారం గొప్పదని ఈ గాథ తీర్పు చెబుతున్నది. తెలుగు నేలమీద ఇలాంటి తీర్పు అరుదు.

ఇందులో మెరుగు పెట్టడం లేదా? ఉంది. బందీ అయిన రాజు కోసం కోట పట్టుకొని కూచోవడంలో భక్తి ఎంతో, సొంత జాగీరు మీది ఆశ ఎంతో విడదీయడం కష్టం. లొంగిన తరవాత మసూద్ కొడుకులకు మొగలు కొలువులో మన్సబులు దక్కాయి. అంటే తాళాలకు వెల కట్టారన్నమాట. గాథ ఆ బేరాన్ని దాచి మసీదును ముందుకు తెచ్చింది. అందుకు గాథను అబద్ధమని కొట్టిపారేసే పండితుడూ, గాథే చరిత్ర అని ఊరేగించే భక్తుడూ ఇద్దరూ పొరబడుతున్నారని నా అభిప్రాయం. బేరాన్ని చరిత్రలో చదవాలి. జనం దేన్ని గౌరవించాలనుకొన్నారో గాథలో చదవాలి.

మా ప్రాంతంలో తెలుగువాళ్లు కూడా కోపం వస్తే “నమక్‌హరామ్” అంటారు. తిన్న ఉప్పుకు ద్రోహం చేసినవాడని అర్థం. కాని ఆ ఉప్పు ఎవరిది? సర్దారుకు జీతం సుల్తాను ఇచ్చాడు. సుల్తానుకు శిస్తు రేగడినేల దున్నిన రైతు ఇచ్చాడు, మగ్గం మీద కూచున్న సాలెవాడు ఇచ్చాడు. ఉప్పు రుణమే ఉంటే అది కిందినుంచి పైకి కాదు, పైనుంచి కిందికి తీరాలి. అలా తీర్చిన సేనానిని మన వీరగాథలు ఎంతమందిని చూపించాయి? ఈ ప్రశ్న వెయ్యకుండా చారిత్రక నవల రాసేవాళ్లు ఎంత పరిశోధన చేసినా పాత భట్రాజుల పనే చేస్తున్నారు.

మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసినవాడు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘం వల్ల మాలాంటి ఇళ్లలో పొయ్యి వెలిగింది. తను నేసిన చీర అంగడిలో వేలాడుతుంటే నాన్న దాన్ని దూరం నుంచే గుర్తుపట్టేవాడు. అది అమ్ముడుపోయినా తనదే అన్నట్టు చూసేవాడు. మసీదు వైపు ఫిరంగి తిరిగినప్పుడు కొండకింద ఆదోనిలో ఎంతమంది రాతిపనివాళ్లు అలా చూసి ఉంటారో అనుకొంటాను. గాథ ఆ మమకారాన్నంతా తీసుకొచ్చి మసూద్ ఒక్కడి గుండెలో పెట్టింది. దాన్ని తిరిగి ఆ చేతులకు అప్పగించడం మన పని.

1786లో టిప్పు సుల్తాను ఆదోనిని ముట్టడించి పట్టుకొని కోట బురుజులు పడగొట్టించాడు. అంతటితో స్వాముల కోట శిథిలమైంది. మసీదు మాత్రం నిలిచింది, ఇవాళ్టికీ అందులో నమాజు జరుగుతున్నది.

మరుసటి వారం తరగతిలో ఈ కథంతా చెప్పాను. 1679 సంగతి దగ్గర వెనక బెంచీవాడు “శివాజీ సాయం పంపాడా సార్!” అని రెండుసార్లు అడిగాడు. ఆదోని పిల్లవాడు ఏమీ అనలేదు. గంట కొట్టాక ఆ ఇద్దరూ ఒకే సెల్‌ఫోనులో మసీదు బొమ్మ చూస్తూ బయటికి పోయారు. బాకీలో కొంత తీరింది. మిగతాది రాసేవాళ్లందరిదీ.